ఇరవై ఒక్క సున్నాలు

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్ సంపూర్ణ ఎన్నో అబద్ధపు కాగితాలను పట్టుకుంది. 2007 ఆగస్టు ఇరవై నాలుగు, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి, చండ్రుగొండ దాటాక ఉన్న వరద అంచనా కేంద్రం మెట్లు ఎక్కుతున్నప్పుడు ఆమె సంచిలో ఉన్న అబద్ధపు కాగితం మాత్రం ఆమె స్వయంగా రాసింది. మూడు పేజీలు. చివర తేదీతో సహా ఆమె సంతకం.

పది రోజుల కిందట తునికివాగు రెండు పాయలకూ అడ్డంగా వేసిన చప్టా దారి మీద కూలీల ట్రాక్టర్ కొట్టుకుపోయి ఏడుగురు చనిపోయారు. వాగు పొంగుతున్నదన్న హెచ్చరిక ఎందుకు రాలేదో తేల్చే పని సంపూర్ణకు అప్పగించారు. ఆమె నాలుగు రోజుల్లో తేల్చింది. చప్టాకు ఎగువన, అడవి అంచున తునికిగూడెంలో వాగులో పాతిన గడె మీద నీటిమట్టం చూసి చెప్పే పగిడయ్య అనే కోయ మనిషి పదకొండు రోజులుగా రీడింగ్ పంపలేదని, ఏడుగురి చావుకు అతని నిర్లక్ష్యమే కారణమని రాసింది. ఆ నివేదిక చేతబట్టుకుని నిన్న సాయంత్రం పోలీసులు పగిడయ్యను అరెస్టు చేశారు. ఈరోజు ఐదు గంటలలోపు కొత్తగూడెం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అతనికి జామీను ఉండగలిగినవాడు గూడెంలో ఒక్కడూ లేడు. ఐదు దాటితే అతను జైల్లో ఉంటాడు, ఎన్నాళ్లో చెప్పగలిగినవారు లేరు.

నిన్న జీపు ఎక్కుతూ అతను ఏడవలేదు, కాళ్లమీద పడలేదు. ఆమె వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు.

"అమ్మా, నేను చెప్పిన లెక్క కళావతమ్మ మిషన్ల కొట్టింది గదా. ఆమెను అడిగిండ్రా?"

అడగలేదు. అడగలేదని అతని ముఖం చూసి చెప్పే ధైర్యం కూడా లేక, సంపూర్ణ చేతిలో ఉన్న కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించింది.

ఈరోజు ఉదయం ఎనిమిదిన్నరకు అటవీ చెక్‌పోస్టులో కళావతిని అడిగింది. నలభై ఏళ్ల ఆ మనిషి కూర్చున్న బల్ల మీద ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక పాత కంప్యూటర్, కార్బన్ కాగితాల రిజిస్టరు ఉన్నాయి.

"గిన్ని రోజులకు అడగనొచ్చిండ్రా మేడమ్?" అంది కళావతి, రిజిస్టరు ముందుకు తోసి. "పొద్దుగాల ఆరు గొట్టంగ ఒకసారి, పగటీలి రెండు గొట్టంగ ఒకసారి వాకీటాకీల చెప్తడు. నేను రాస్కొని మిషన్ల కొడ్త. అందింది అని వస్తది. ఆయన్ను సస్పెండ్ జేసినంక గూడ ఆయన పెండ్లాం ఆదెమ్మ చెప్తనే ఉంది. గడె దగ్గర కన్ను లేకుంట ఉండొద్దంటది. జీతం ఎవ్వరిస్తరే అంటే, వాగుకు జీతమెవడిస్తుండు అన్నది."

రిజిస్టరులో ఆగస్టు నాలుగు ఉదయం నుంచి పద్నాలుగు ఉదయం దాకా ఇరవై ఒక్క రీడింగులున్నాయి. చివరిది ఆరు దాటి ఐదు నిమిషాలకు విని, ఆరూ పదకొండుకు పంపింది: పద్నాలుగున్నర అడుగులు. చప్టాకు ప్రమాదపు గీత పన్నెండు. ట్రాక్టర్ వాగులోకి దిగింది ఎనిమిదీ ఇరవైకి. రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. ఏడుగురిని ఆపడానికి ఒక ఫోను సరిపోయేది.

అందుకే సంపూర్ణ ఇప్పుడు ఈ మెట్లెక్కుతున్నది.

*

కేంద్రంలో అసలు పని జరిగేది లోపలి చల్లటి గదిలో. రెండు ఇనుప చట్రాల్లో పదహారు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలిసి ఒకే లెక్కను పంచుకుని చేస్తాయి. దాన్ని అక్కడివాళ్లు క్లస్టర్ అంటారు. మూలన తువ్వాలు కప్పిన పాత యంత్రం ఒకటి విడిగా ఉంది. ఆ గదిని చూసుకునే ఇంజినీరు దీవెనకు ఇరవై నాలుగేళ్లు, ఊరు తల్లాడ. సంపూర్ణను చూడగానే లేచి నిలబడి కుర్చీ జరిపింది.

"ఆగస్టు పద్నాలుగు ఉదయం ఆరూ పదకొండుకు తునికిగూడెం రీడింగ్ ఇక్కడికి వచ్చిందా, రాలేదా?"

"లాగ్‌ల రాలేదనే ఉంది మేడమ్. మొన్న మీకు ప్రింటు ఇచ్చిన గదా."

"ప్రింటు చదివాను. చదివి ఒక మనిషిని జైలు గుమ్మం దాకా పంపాను. నేనిప్పుడు లాగ్ అడగడం లేదు. లాగ్ అంటే మీ ప్రోగ్రాం తన గురించి తాను చెప్పుకున్న మాట. చెక్‌పోస్టు నుంచి వచ్చిన ఫైలు అడుగుతున్నాను."

దీవెన వేళ్లు ఒక్క క్షణం ఆగి కదిలాయి. తెరమీద ఫైళ్ల వరుస వచ్చింది. పద్నాలుగో తేదీ, ఆరూ పదకొండు. తెరిచింది. లోపల ఒకే ఒక్క సంఖ్య: 14.5.

"మిగతావి?"

ఇరవై ఒకటీ ఉన్నాయి. ఒక్కటి కూడా తక్కువ కాలేదు. లాగ్‌లో మాత్రం ఇరవై ఒక్క వరుసల్లోనూ ఒకే మాట: రీడింగ్ రాలేదు.

"ఆగస్టు నాలుగుకు ముందు ఎన్నిసార్లు రాలేదు?"

దీవెన వెనక్కి వెళ్లింది. జూలై, జూన్, మే. పోయిన సంవత్సరం. లెక్కించే పనే పడలేదు. "పందొమ్మిది నెలల్ల ఒక్కసారి గూడ తప్పలే మేడమ్" అంది, గొంతు తగ్గించి.

మొదటిసారి వచ్చినప్పుడు సంపూర్ణ పదకొండు రోజుల లాగ్ మాత్రమే అడిగింది. దానికి ముందు ఒక్క రోజుది కూడా అడిగి ఉంటే, పందొమ్మిది నెలలు తప్పని మనిషి ఒకే రాత్రిలో ఎలా మారిపోయాడన్న ప్రశ్న దానంతటదే లేచి నిలబడేది. ఏ గుమాస్తా విషయంలోనైనా ఆమె తప్పకుండా అడిగేది. పగిడయ్య విషయంలో అడగాలని తోచలేదు. ఎందుకు తోచలేదో ఆమెకు తెలుసు. ఆ కారణం ఆమె నివేదిక మూడో పేజీలో, ఆమె మాటల్లోనే ఉంది.

"ఆగస్టు మూడున ఇక్కడేం జరిగింది?"

"సిస్టమ్ మార్చినం." దీవెన నిలబడే చెప్పసాగింది. "పదహారు మిషన్లల్ల ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైందని హైదరాబాద్ కాంట్రాక్టరు హీరాలాల్ సార్ మనుషులొచ్చి కొత్తది ఎక్కిచ్చిండ్రు. తెల్లారితే పెద్దాఫీసర్లు చూడనీకి వస్తున్నరు. ఎక్కిచ్చినంక మా వరద ప్రోగ్రాం లేవనే లేదు. దానికి కావాల్సిన లైబ్రరీ దొరుకుతలేదన్నది."

"లైబ్రరీ అంటే?"

"ప్రోగ్రాంలన్నీ ఉమ్మడిగ వాడుకునే తయారు ముక్కలు మేడమ్. పాత సిస్టమ్‌ల ఉన్నది కొత్తదాంట్ల లేదు. కంపైలర్ గూడ మారింది. మనం రాసిందాన్ని మిషన్‌కు తెలిసే రూపంల మార్చేదే కంపైలర్. పాత కంపైలర్ కొత్త సిస్టమ్‌ల పెట్టబోతే అది అడిగే వెర్షన్లు ఇక్కడ లేవు. అవి బలవంతంగ పెడితే కొత్తవి కూలిపోతున్నయి."

"మరి ప్రోగ్రాం మొత్తం కొత్త కంపైలర్‌తో తయారు చేయవచ్చు కదా?"

"చేసిన మేడమ్. ఒక్క ముక్క తప్ప. మనుషులు చెప్పే రీడింగ్‌ను సరిచూసి లోపలికిచ్చే ముక్క అది. దాన్ని రాసిన పెద్దాయన ఎన్నడో పోయిండు. ఆయన చేత్తో రాసిన మూలం ఎవ్వరి దగ్గర లేదు, కంపైల్ చేసిన రూపమొక్కటే మిగిలింది. అందుకని పాత ముక్కను అట్లనే ఉంచి, కొత్త ప్రోగ్రాంకు అతికించిన. అది అడిగిన పాత లైబ్రరీని ఆ మూలనున్న మిషన్‌ల నుంచి తీసి నా ఫోల్డర్‌ల పెట్టి, అక్కడ వెతుక్కో అని దారి చూపిచ్చిన. సాయంత్రం ఆరూ నలభైకి నడిచింది. ఒక్క తప్పు గూడ చూపియ్యలే."

"పరీక్షించావా?"

"తొమ్మిది స్టేషన్లు సరిగ్గ వచ్చినయి. వాటికి నీళ్లల్లనే పరికరాలున్నయి, అవి కొత్త ముక్కలోంచి పోతయి. పదోది తునికిగూడెం. అదొక్కటే మనిషి చెప్పేది."

"దానికేం వచ్చింది?"

దీవెన చున్నీ అంచు వేలికి చుట్టుకుంటున్నది.

"దీవెనా. అతన్ని ఐదు గంటలకు జైలుకు పంపుతారు. పదోదానికి ఏం వచ్చింది?"

"రీడింగ్ రాలేదని వచ్చింది. నాకు అనుమానమైంది మేడమ్, దేవుని మీద ఒట్టు. హీరాలాల్ సార్‌ను అడిగిన. ఆయన నవ్విండు. కల్లు తాగి పండుకున్నడేమో, లేస్తే చెప్తడు తియ్ అన్నడు." ఆమె కళ్లు నేలకు దిగిపోయాయి. "నేను గూడ నవ్విన."

సంపూర్ణ ఆ అమ్మాయిని మందలించడానికి నోరు తెరిచి, మూసుకుంది. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. తను సంతకం పెట్టింది.

*

ఒకటీ ముప్పై ఐదుకు తలుపు తోసుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శాంతికుమార్ లోపలికొచ్చాడు. పగిడయ్య మీద కేసు కట్టింది అతనే. ఉద్యోగంలో సంపూర్ణకంటే ఆరేళ్లు చిన్న, హోదాలో సమానం, ఖమ్మంలో వాళ్ల చర్చి ఒకటే. ఆదివారం పూట ఎంత వినయంగా పలకరిస్తాడో మిగతా ఆరు రోజులు అంత వినయంగానే ఎదుటివాళ్లను గుచ్చుతాడు.

"వందనాలు అక్కా. చెక్‌పోస్టు కాడ అడిగితే మీరిటే వచ్చిండ్రన్నరు. కేసు ఐపోయింది గదా, మళ్ల ఏంది?"

"కేసు తప్పు. రీడింగులు ఇరవై ఒకటీ ఇక్కడికి వచ్చాయి. ఫైళ్లున్నాయి. ప్రోగ్రాం మింగేసింది."

"మింగిందా?" శాంతికుమార్ పదహారు యంత్రాల వైపూ చూసి నవ్వాడు. "పది స్టేషన్లల్ల తొమ్మిదింటి లెక్క మంచిగ తీస్కొని, ఒక్క గూడెం లెక్కనే మింగిందా? దానికి గూడ మనుషుల జాతి తెలుస్తదా అక్కా?"

"దానికి తెలియదు. మనకు తెలుసు. అది రాలేదని చెప్పగానే మనం నమ్మింది అందుకే."

అతని నవ్వు కొంచెం తగ్గింది, కానీ చంకలోని ఫైలు తీశాడు. ఎక్కడ తెరవాలో అతనికి బాగా తెలుసు.

"గీ మాట వినుండ్రి. 'నిందితుని సామాజిక నేపథ్యం దృష్ట్యా సమయపాలన లోపించడం ఆశ్చర్యకరం కాదు.' మూడో పేజీ. గిది నేను రాసింది గాదు. నాకు గింత మంచి తెలుగు రాదు. సర్కారు వకీలు సాబ్ గూడ మెచ్చుకున్నడు, మేడమ్ ఏం రాసిందయ్యా అని."

దీవెన తలెత్తి సంపూర్ణను చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం సంపూర్ణకు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఇంటి గోడ నిండా పుస్తకాలున్న మనిషి, ఎక్కడ ఏ అన్యాయం జరిగినా పత్రికకు ఉత్తరం రాసే మనిషి, ఆ వాక్యం రాసి, చదువుకుని, బాగుందనుకుని, కామా ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించింది.

"ఆ వాక్యానికి నా దగ్గర ఆధారం లేదు" అంది. ప్రతి మాటనూ విడివిడిగా పలికింది. "ఆధారం లేకుండా రాసినందుకు నా మీద ఇంకో నివేదిక వెళ్తుంది. అది కూడా నేనే రాస్తాను. నువ్వు కూర్చుని చూడు. దీవెనా, ఈ ప్రోగ్రాంకు పద్నాలుగున్నర ఇవ్వు."

దీవెన ఇచ్చింది. తెరమీద వచ్చింది: రీడింగ్ రాలేదు.

"అదే సంఖ్య ఆ మూల ఉన్న పాత యంత్రంలో."

తువ్వాలు తీసి పాత యంత్రాన్ని లేపడానికి ఏడు నిమిషాలు పట్టింది. పాత ప్రోగ్రాం, పాత కంపైలర్, పాత లైబ్రరీ. అదే సంఖ్య. జవాబు: 14.5. ప్రమాదం. చప్టా దాటరాదు.

శాంతికుమార్ ముందుకు వంగాడు. అతను మూర్ఖుడు కాడు. అదే అతనితో వచ్చే కష్టం. "సరే. ఇయ్యాల ఖరాబైంది, ఒప్పుకుంట. ఆ పద్నాలుగు తారీఖు నాడు గూడ గిట్లనే ఉందని ఏం రుజువు? వీళ్లు నిన్న కెలికిండ్రేమో. కోర్టుల నన్నడుగుతరు గదా."

"ప్రోగ్రాం ఫైలు తేదీ చూపించు."

ఆగస్టు మూడు, సాయంత్రం ఆరూ నలభై. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

"తారీఖులు మార్చొచ్చు" అన్నాడు శాంతికుమార్.

"మార్చవచ్చు. ఆగస్టు ఐదు ఆదివారం తీసిన నకలు వేరే టేపు మీద ఉందా, దీవెనా? దానిమీద సీలు వేసే పద్ధతి ఉందని మీ బోర్డు మీద రాసి ఉంది."

ఉంది. సీలు చింపే ముందు శాంతికుమార్‌కు చూపించి, సమయం రాయించి, సంతకం తీసుకుంది. ఒకటీ యాభై ఎనిమిది. టేపు మీది ప్రోగ్రాంకు పద్నాలుగున్నర ఇచ్చారు. రీడింగ్ రాలేదు.

శాంతికుమార్ ఫైలు మూసి కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇప్పుడు వేరే సంఖ్యలు" అంది సంపూర్ణ. "పద్నాలుగుంబావు. పద్నాలుగు ముప్పావు."

రాలేదు. రాలేదు.

"పద్నాలుగు పాయింట్ నాలుగు."

తెర ఎర్రబడింది. తప్పుడు విలువ: మైనస్ రెండు.

"పాయింట్ రెండు."

మళ్లీ ఎరుపు. ఇరవై అంకెల పొడవున్న పిచ్చి సంఖ్య ఒకటి తెర అంచుదాకా పాకింది. దాన్ని చూస్తున్న దీవెన ముఖంలో మొదట అయోమయం, తర్వాత ఏదో తెలిసిన వెలుగు, ఆ వెంటనే భయం కనిపించాయి. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏమిటి?"

"పెట్టె మేడమ్, పెట్టె." ఆమె కాగితం లాగి గళ్లు గీసింది. ఎనిమిది. "పాత కంపైలర్ గిసుంటి ఫలితాన్ని ఎనిమిది గళ్ల పెట్టెల పెట్టి అప్పజెప్తది. కొత్త కంపైలర్ నాలుగు గళ్లే తీసి చూస్తది. రెంటి పద్ధతి వేరు. నేను ఒకదాని ముక్కను ఇంకోదానికి అతికించిన. పావు, అర, ముప్పావు అసుంటి తేలిక సంఖ్యలైతే విలువంతా మొదటి నాలుగు గళ్లల్లనే సరిపోతది. కొత్తది చూసేది మిగిలిన నాలుగు. వాటిల్ల సున్నాలే ఉంటయి. సున్నా వస్తే మా ప్రోగ్రాం రీడింగ్ రాలేదని రాస్కొని, కిందటి మంచి రీడింగ్‌నే నడిపిస్తది."

"కిందటిది ఎంత?"

"ఆగస్టు మూడు, రెండు గంటలది. ఆరుంబావు. ఆ రోజు నుంచి మా లెక్కల తునికివాగు ఆరుంబావు కాడనే ఆగిపోయింది మేడమ్."

"పగిడయ్య ఎప్పుడూ పావు, అర, ముప్పావుల్లోనే చెప్తాడా?"

"గడెకు పావడుగుకు ఒక చార కొట్టి ఉంటది. చార మీద నీళ్లెంతుంటే గంతే చెప్తడు. ఆయన అందాజగ చెప్పడు."

సంపూర్ణ ఆ గళ్ల కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. అతను బద్ధకస్తుడై, గడె దాకా పోకుండా నోటికొచ్చిన దశాంశం చెప్పి ఉంటే, యంత్రం ఎర్రబడి అరిచేది, ఎవరో ఒకరు వచ్చి చూసేవారు. అతను చారకు కట్టుబడి చెప్పాడు కాబట్టే ప్రతి మాటా సున్నా అయింది. అతని ఖచ్చితత్వమే అతని మీద సాక్ష్యమై నిలబడింది. దాన్ని సాక్ష్యమని నమ్మి కింద సంతకం పెట్టింది తను.

"దీన్ని సరిచేయడానికి ఎంతసేపు?"

"కొత్త కంపైలర్‌కు ఒక గుర్తు ఇయ్యాలె. పాతదాని పద్ధతిలనే ఇచ్చిపుచ్చుకో అని. గా ఒక్క గుర్తు మేడమ్." దీవెన కళ్లు తుడుచుకోకుండానే కీబోర్డు వైపు తిరిగింది. "ఆ రోజు గా ఒక్కటి తెలిసుంటే..."

"ఏడుపు తర్వాత. ముందు పని."

*

రెండూ ముప్పై ఒకటికి ప్రోగ్రాం కొత్తగా తయారైంది. పరీక్షకు దీవెన ఏ సంఖ్యా ఎంచుకోలేదు. వరుసలో చివరగా వచ్చిన ఫైలునే ఇచ్చింది. అది ఈరోజుదే. రెండు గంటలకు ఆదెమ్మ చెప్పి, రెండూ ఏడుకు కళావతి పంపిన రీడింగ్.

తెరమీద అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

తునికిగూడెం: 15.25. ప్రమాదం. చప్టా దాటరాదు. చప్టా దగ్గరికి ఈ మట్టం చేరే సమయం: 4:20.

"అయిపోయింది" అంది సంపూర్ణ. "శాంతికుమార్, పంచనామా రాసుకో. మూడు గంటలకు బయలుదేరితే నాలుగున్నరకు మేజిస్ట్రేటు దగ్గర ఉంటాం. నా నివేదిక ఉపసంహరించుకుంటున్నానని అక్కడే రాసిస్తాను. హెచ్చరిక ఫోన్లు నువ్వు చెయ్యి, దీవెనా, ఇప్పుడే."

శాంతికుమార్ కదలలేదు. తెరవైపే చూస్తున్నాడు.

"పగిడయ్య ఎక్కడున్నాడు?" అంది సంపూర్ణ నెమ్మదిగా.

"తొవ్వల ఉన్నడు. బండి నడుస్తున్నది అక్కా."

"ఏ బండి?"

"జీపు. మీరు పొద్దుగాల చెక్‌పోస్టుకు పోయిండ్రని తెలిసి, ఏదో అడ్డం పెడ్తరని ఒకటిన్నరకే పంపమన్న. మీరు వచ్చేటాళ్లకు రిమాండ్ ఐపోవాల్నని. వాగు అటుదిక్కు స్టేషన్ నుంచి కొత్తగూడెం రావాల్నంటే చప్టా మీదుగనే దగ్గర. రోడ్డు పట్టుకొని పోతే ముప్పై కిలోమీటర్ల చుట్టు. పొద్దుగాల ఈ ఆఫీసు కాయితంల సురక్షితమని ఉండె."

"ఆ కాగితం ఆరుంబావు మీద తయారైంది."

ఇద్దరూ ఒకేసారి బయటికి పరుగెత్తారు. ఆవరణలో శాంతికుమార్ జీపులో ఉన్న వైర్‌లెస్ సెట్టును అతను తీసిన తీరు చూస్తే, దాన్ని మొదటిసారి ముట్టుకుంటున్నట్టుంది. మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి గరగర మధ్య కానిస్టేబుల్ రమణ గొంతు వచ్చింది.

"సార్, చప్టా కాడున్నం సార్. మొదటి పాయ దాటినం, రెండో పాయ దాటలే. నడుమ మిట్ట మీద ఆగినం. గీ పగిడయ్య దాటనిస్తలేడు సార్. బండికి అడ్డం నిలబడ్డడు. నీళ్ల రంగు మారింది, దిగొద్దంటడు. డ్రైవర్ గుంజబోతే సంకెళ్ల చేతులతోనే బానెట్ పట్టుకుండు సార్."

"వెనక్కి మళ్లుండ్రి! జల్దీ!"

"వెనక పాయ గూడ చప్టా మీదికి ఎక్కింది సార్. ఇందాకనే. ఎటూ పోలేం సార్."

సంపూర్ణ చేయి చాచింది. "సంకెళ్లు తీయించు. ముందు ఆ మాట చెప్పు."

శాంతికుమార్ చెప్పాడు. ఎవరూ ఎదురు చెప్పకముందే రెండోసారి అరిచి చెప్పాడు. తర్వాత సెట్టు ఆమె చేతిలో పెట్టాడు.

"పగిడయ్యతో మాట్లాడాలి."

గాలి చప్పుడు, దాని వెనుక నీటి చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత, నిన్న సాయంత్రం విన్న అదే గొంతు, అదే నిదానం. తనను జైలుకు పంపిన మనిషి పలికిందని తెలిసి కూడా అతను ఏ నిష్ఠూరమూ ఆడలేదు.

"అమ్మా, రెండు గొట్టంగ ఆదెమ్మ ఎంత చెప్పింది?"

ఇరవై ఒక్కసార్లు అతను చెప్పగా వీళ్లు వినని లెక్కను, ఈసారి అతను వీళ్లను అడుగుతున్నాడు. సంపూర్ణ చేతి గడియారం చూసుకుంది. రెండూ ముప్పై ఎనిమిది. నాలుగూ ఇరవైకి ఇంకా గంటా నలభై రెండు నిమిషాలు. వాళ్లను తెచ్చే పడవ కొత్తగూడెం నుంచి రావాలి. ఆ దారి ఆమెకు తెలుసు, గంటన్నరకు తక్కువ పట్టదని కూడా తెలుసు.

"పదిహేనుంబావు" అంది.

"గీ మిట్ట పద్నాలుగుకే మునుగుతదమ్మా" అన్నాడు పగిడయ్య. "మొన్న ట్రాక్టరోళ్లు ఏడుగురు గూడ గిదే మిట్ట మీద నిలబడి చూసిండ్రు, ఎవరన్న వస్తరని."